దిగబోయి మళ్ళీ లేచిన విమానం



వార్తాపత్రికల్లో అప్పుడప్పుడు ఇలాంటి శీర్షికలు మీ కంట పడే ఉంటాయి: "విమానానికి తృటిలో తప్పిన ముప్పు", "ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకున్న ప్రయాణికులు", "గాలిలో చక్కర్లు కొట్టిన విమానం". టెలివిజన్‌లో అయితే వీటికి తోడు ఎర్రటి అక్షరాలూ, గుండె దడదడలాడించే సంగీతమూ కూడా ఉంటాయి. వార్త అంతా చదివాక తేలేది ఇంతే: విమానం రన్‌వే దాకా వచ్చింది, దిగకుండా మళ్ళీ పైకి లేచింది, ఒక చుట్టు తిరిగి వచ్చి క్షేమంగా దిగింది. ఎవరికీ గోరంత గాయమైనా కాలేదు.

మరి ముప్పు ఎక్కడున్నది? తృటిలో తప్పినది ఏమిటి? ఈ నెల మనం ఆ సంగతి విచారిద్దాం.

విమానం దిగబోయి మళ్ళీ పైకి లేవటాన్ని పైలట్లు "గో అరౌండ్" అంటారు. చుట్టి రావటం అని దాని అర్థం. మీ బడిలో లాంగ్ జంప్ పందెం చూసే ఉంటారు. పరిగెత్తుకుంటూ వచ్చే కుర్రవాడికి తన అడుగు పలక మీద సరిగ్గా పడదని తోచిందనుకోండి. తెలివైనవాడు దూకకుండా ఆగి, వెనక్కు పోయి, మళ్ళీ పరుగు మొదలుపెడతాడు. మొండివాడు అలాగే దూకి కాలు బెణికించుకుంటాడు. విమానం కూడా అంతే. కాని విమానం గాలిలో ఆగలేదు, ఆగితే పడిపోతుంది. అందుచేత దానికి వెనక్కు పోవటానికి ఉన్న దారి ఒక్కటే. పైకి లేచి, చుట్టి వచ్చి, మళ్ళీ మొదటినుంచి దిగటం మొదలుపెట్టాలి.

అసలు విమానం ఎలా దిగుతుందో ముందు తెలుసుకుందాం. పెద్ద జెట్ విమానం దిగేటప్పుడు గంటకు సుమారు 250 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. అది దిగే వాలు 3 డిగ్రీలు. మీ కోణమానిని తీసి 3 డిగ్రీలు ఎంత ఉంటుందో చూడండి. చాలా సన్నని సందు, అంతే! ఆ సన్నని వాలు పట్టుకుని విమానం నిమిషానికి సుమారు 700 అడుగుల చొప్పున కిందికి వస్తుంది.

నేల ఇంకా 1000 అడుగులు ఉన్నదనగా పైలట్లు తమకు తామే ఒక పరీక్ష పెట్టుకుంటారు. వేగం ఉండవలసినంతే ఉన్నదా? వాలు సరిగా ఉన్నదా? విమానం రన్‌వేకు తిన్నగా ఎదురుగా వస్తున్నదా? చక్రాలు కిందికి దిగాయా? రెక్కల వెనక ఉండే పలకలు కావలసినంత వంగాయా? ఆకాశం నిర్మలంగా ఉంటే ఈ పరీక్షకు 500 అడుగుల దాకా గడువు ఇస్తారు. ఈ ప్రశ్నల్లో ఏ ఒక్కదానికి "లేదు" అని జవాబు వచ్చినా పరీక్ష తప్పినట్టే. ఇక్కడ నూటికి 35 మార్కులతో గట్టెక్కటం లేదు. నూటికి నూరూ రావాలి. రాకపోతే చుట్టి రావాలి.

విమానం తప్పు ఏమీ లేకపోయినా చుట్టి రావలసిన సందర్భాలు ఉన్నాయి. ముందు దిగిన విమానం ఇంకా రన్‌వే ఖాళీ చెయ్యకపోవచ్చు. గాలి ఉన్నట్టుండి దిక్కు మారవచ్చు. రన్‌వే మీదికి ఏ కుక్కో నక్కో రావచ్చు. పొగమంచు కమ్మవచ్చు. చలికాలపు ఉదయాలలో గన్నవరంలో మంచు పట్టినప్పుడు విజయవాడ రావలసిన విమానాలు దిగలేక పైన తిరగటమూ, ఒక్కొక్కప్పుడు హైదరాబాదు వెళ్ళిపోవటమూ మన కృష్ణాజిల్లా పిల్లలకు తెలిసిన సంగతే. మంచులోనూ మబ్బులోనూ పరికరాల సాయంతో దిగేటప్పుడు కూడా ఒక హద్దు ఉంటుంది. సాధారణంగా అది 200 అడుగులు. అక్కడికి వచ్చేసరికి రన్‌వేగాని, దాని దీపాలుగాని కంటికి కనపడి తీరాలి. కనపడకపోతే ఇంకొక్క క్షణం చూద్దామని అనటానికి వీల్లేదు.

చుట్టి రావాలని నిశ్చయం కాగానే పైలటు ఏం చేస్తాడు? ఇంజన్ల బలం పెంచుతాడు. విమానం ముక్కు పైకెత్తుతాడు. రెక్కల పలకలను ఒక మెట్టు లోపలికి తీస్తాడు. విమానం పైకి లేస్తున్నదని పరికరాలు చూపగానే చక్రాలు మడుస్తాడు. ఏ ఎత్తుకు లేవాలో, ఎటు తిరగాలో దిగే దారి పటంలో ముందే అచ్చు వేసి ఉంటుంది. దిగటం మొదలు పెట్టకముందే పైలట్లిద్దరూ దాన్ని ఒకసారి చదువుకుంటారు. అంటే, ఇది కంగారులో తోచిన పని కాదు. ముందుగా అనుకుని ఉంచుకున్న పని.

అయితే లోపల కూర్చున్నవాళ్ళకు భయం ఎందుకు వేస్తుంది? అందుకూ కారణం ఉన్నది. అంతవరకు మెత్తగా రొద చేస్తున్న ఇంజన్లు ఒక్కసారి గట్టిగా గర్జిస్తాయి. వీపు కుర్చీకి అతుక్కుపోతుంది. చెవుల్లో గుయ్‌మంటుంది. వేగం పెరిగినప్పుడు మన చెవి లోపలి అవయవం పొరబడి, విమానం నిజంగా లేచినదానికన్న ఎక్కువ నిటారుగా లేస్తున్నదని చెపుతుంది. పైగా పైలటు నోటినుంచి ఒక్క మాట కూడా వినపడదు. అదే అందరినీ ఎక్కువ బెదరగొడుతుంది.

కాని పైలటు మాట్లాడకపోవటమే మంచిది. వాళ్ళకు మొదటినుంచీ నేర్పే క్రమం ఒకటున్నది: ముందు విమానాన్ని సరిగా నడుపు, తరవాత దారి చూసుకో, ఆ తరవాతనే మాట్లాడు. మొదటి రెండు పనులూ ముగిసి, కంట్రోల్ టవర్‌తో మాట్లాడటం కూడా అయినాక, ప్రయాణికుల వంతు వస్తుంది. ఆ మౌనం నాలుగైదు నిమిషాలు ఉండవచ్చు. చేతి నిండా పని ఉన్నదని దాని అర్థం.

"అంతసేపు తిరిగితే పెట్రోలు అయిపోదా?" అని మీరు అడగవచ్చు. విమానంలో పోసే ఇంధనం లెక్క ఇలా ఉంటుంది: చేరవలసిన ఊరికి సరిపడేది ఒకటి, అక్కడ దిగటం కుదరకపోతే మరో ఊరికి పోవటానికి ఒకటి, అక్కడ కూడా 30 నిమిషాలు గాలిలో తిరగటానికి ఇంకొకటి. ఇవి కాక, దారిలో అనుకోని ఖర్చుకు మరి కాస్త. ఈ లెక్క చూసుకోకుండా విమానం నేల విడవదు.

ఇలా చుట్టి రావటం ఎంత తరచుగా జరుగుతుంది? ఇంచుమించు వెయ్యిసార్లు దిగబోతే ఒకటి మొదలు మూడు సార్లు. ఇప్పుడు ఒక చిన్న లెక్క చెయ్యండి. ఒక విమానాశ్రయంలో రోజుకు 250 విమానాలు దిగుతాయి. వెయ్యికి రెండు చొప్పున చుట్టి వస్తే, ఎన్నాళ్ళకు ఒకటి? చేశారా? రెండు రోజులకు ఒకటి! ప్రపంచంలో ఉన్న పెద్ద పెద్ద విమానాశ్రయాలన్నీ తలుచుకుంటే, ఈ మాటలు మీరు చదువుతున్న వేళ కూడా ఎక్కడో ఒక విమానం చుట్టి వస్తూ ఉండవచ్చు. రోజూ జరిగే పని వార్త కాదు. అది పత్రికలో పడిన రోజున మాత్రం ఘోరం తప్పినట్టు కనిపిస్తుంది.

ఇక చుట్టి రావటం ఎంత గొప్ప పనో చెప్పే ఒక నిజమైన కథ వినండి.

2017 జులై 7వ తేదీ, అర్ధరాత్రి కావస్తున్న వేళ. కెనడాలోని టొరాంటో నుంచి బయలుదేరిన ఎయిర్ కెనడా విమానం ఒకటి, 140 మందితో, అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగబోతున్నది. అక్కడ పక్కపక్కన రెండు రన్‌వేలు ఉన్నాయి. ఆ రాత్రి ఎడమవైపుది మూసివేసి, దాని దీపాలు ఆర్పేశారు. పైలట్లకు అది గుర్తు లేదు. వెలుగుతున్న రన్‌వేనే ఎడమదనుకున్నారు. అందుచేత దాని కుడిపక్కన ఉన్న బాటను తాము దిగవలసిన రన్‌వే అనుకున్నారు. నిజానికి అది విమానాలు నెమ్మదిగా నడిచివెళ్ళే పక్కబాట. అప్పుడు దానిమీద నాలుగు విమానాలు ప్రయాణికులతో నిండి, ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి!

దిగి వస్తున్న పైలట్లకు ఆ దీపాలు చూసి అనుమానం తగిలింది. రన్‌వే మీద దీపాలు కనపడుతున్నాయేమని టవర్‌ను అడిగారు. రన్‌వే ఖాళీగానే ఉన్నదని టవర్ జవాబిచ్చింది. అది నిజమే, అసలు రన్‌వే ఖాళీగానే ఉన్నది. అయినా పైలట్ల అనుమానం తీరలేదు. టవర్ చెప్పకముందే ఇంజన్ల బలం పెంచారు. విమానం నేలకు సుమారు 60 అడుగుల ఎత్తు దాకా వచ్చి, నిలబడి ఉన్న విమానాల నెత్తిమీదుగా లేచిపోయింది. చుట్టి వచ్చి సరి అయిన రన్‌వే మీద దిగింది. ఒక్కరికి కూడా దెబ్బ తగలలేదు.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా చూడండి. ఈ కథలో ప్రమాదకరమైన పొరపాటు ఉన్నది. పక్కబాటను రన్‌వే అనుకోవటమే ఆ పొరపాటు. పరిశోధకులు దాని కారణాలు వెతికారు. రన్‌వే మూసినట్టు చెప్పే ప్రకటన ఎన్నో పుటల కాగితాల మధ్య మరుగుపడి ఉన్నదనీ, పైలట్లు అలసి ఉన్నారనీ తేల్చారు. అటువంటి పొరపాటు పత్రికలు రాయవలసిన వార్తే. కాని చుట్టి రావటం మాత్రం పొరపాటు కాదు. అది పొరపాటుకు మందు. జబ్బునూ మందునూ ఒకే గాటన కట్టకూడదు.

మరి ఆ మందు పుచ్చుకోకపోతే ఏమవుతుంది? ఇది చెప్పటానికి కష్టంగానే ఉన్నది. అయినా మీరు తెలుసుకోవాలి.

2010 మే 22న దుబాయి నుంచి 166 మందితో ఒక ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగుళూరు వచ్చింది. అక్కడి రన్‌వే గుట్ట నెత్తిన ఉన్నది. చివర దాటితే లోయ. విమానం ఉండవలసినదానికన్న చాలా ఎత్తులో వస్తున్నది. కాప్టెన్ పక్కన కూర్చున్న రెండో పైలటు చుట్టి వద్దామని ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పాడు. నేల దగ్గరపడుతున్నదని యంత్రం కూడా హెచ్చరించింది. కాప్టెన్ దిగటం మానలేదు. సుమారు 8000 అడుగుల రన్‌వేలో విమానం 5200 అడుగులు దాటాక నేల తాకింది. మిగిలిన చోటు చాలలేదు. 158 మంది చనిపోయారు. ఎనిమిది మంది మాత్రం బతికారు.

2020 ఆగస్టు 7న కోళికోడులో ఇటువంటిదే మరొకటి జరిగింది. జోరున వాన. ఆ విమానం మొదటిసారి దిగబోయి, మానుకుని, చుట్టి వచ్చింది. అంతవరకు సరిగానే ఉన్నది. రెండోసారి ఇంకొకవైపు నుంచి, వెనక గాలితో దిగింది. రన్‌వేలో దాదాపు సగం దాటాక నేల తాకింది. ఈసారి కూడా రెండో పైలటు చుట్టి వద్దామన్నాడు. ఈసారి కూడా ఆ మాట సాగలేదు. ఉన్న 190 మందిలో 21 మంది, పైలట్లిద్దరితో సహా, ప్రాణాలు పోగొట్టుకున్నారు.

చనిపోయినవారిని తప్పుపట్టటానికి ఇది చెప్పటం లేదు. దిగే తొందర మనిషికి సహజం. ఇల్లు కనిపిస్తున్నది; అందరూ ఎదురు చూస్తున్నారు; ఇంకా కాస్తే కదా అనిపిస్తుంది. ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అనే సంస్థ 2017లో ప్రచురించిన నివేదిక ప్రకారం, దిగే పరీక్ష తప్పిన విమానాల్లో నూటికి 97 అలాగే దిగుతున్నాయి. చుట్టి వస్తున్నవి నూటికి మూడే. ఆ 97లో చాలా భాగం క్షేమంగానే ఆగుతాయి. అవి ఎవరి కంటా పడవు, ఏ పత్రికలోనూ రావు. మానుకున్న మూడూ మాత్రం "తృటిలో తప్పిన ముప్పు" అని పత్రికకు ఎక్కుతాయి! చూశారా, ఎంత తలకిందులు వ్యవహారమో? భయపడవలసినచోట నిశ్శబ్దం, మెచ్చుకోవలసినచోట కేకలు.

"ఆలస్యం అమృతం విషం" అని పెద్దలు అంటారు. "నిదానమే ప్రధానం" అనీ పెద్దలే అంటారు. ఏ మాట ఎక్కడ పనికివస్తుందో తెలియటమే వివేకం. విమానం దించేచోట రెండో మాటే వేదం. అందుకే, ఇద్దరు పైలట్లలో ఎవరు "గో అరౌండ్" అన్నా, చిన్నవాడన్నా సరే, వెంటనే చుట్టి రావాలని చాలా విమాన సంస్థలు నియమం పెట్టుకున్నాయి. అలా వచ్చినందుకు పైలటును దండించరాదని కూడా నియమం ఉన్నది. పెద్దలకు ఎదురు చెప్పకూడదని మనం ఇంట్లో నేర్చుకుంటాం. కాని ప్రాణాల మీదికి వచ్చే చోట చిన్నవాడు నోరు విప్పటం ఎదురు చెప్పటం కాదు. అది వాడి ధర్మం. విని అంగీకరించటం పెద్దవాడి ధర్మం.

చుట్టి రావటంలో అసలే కష్టం లేదని కూడా అనుకోకండి. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వెళ్ళిన ఎమిరేట్స్ విమానం దుబాయిలో నేల తాకి, మళ్ళీ లేవబోయింది. చక్రాలు ఒకసారి నేల తాకాక, ఇంజన్ల బలం పెంచే మీట నొక్కినా పని చెయ్యదు. బలాన్ని చేతితో పెంచాలి. ఆ సంగతి పైలట్లు సమయానికి గమనించలేదు. విమానం కూలి, కాలిపోయింది. లోపల ఉన్న 300 మందీ బతికి బయటపడ్డారు గాని, మంటలార్పటానికి వచ్చిన ఉద్యోగి ఒకరు చనిపోయారు. కనక ఇది అభ్యాసం చెయ్యవలసిన విద్య. పైలట్లు నేలమీద ఉండే నకిలీ విమానంలో కూర్చుని దీన్ని మళ్ళీ మళ్ళీ అభ్యాసం చేస్తారు.

ఇక పత్రికల సంగతి. వాళ్ళు అబద్ధం రాస్తారని నేను అనను. విమానం దిగకుండా లేచిన మాట నిజమే. ప్రయాణికులు భయపడిన మాట నిజమే. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, భయాన్ని రాసి కారణాన్ని వదిలిపెడతారు. ప్రయాణికుడు విమానాశ్రయం గుమ్మంలోనే దొరుకుతాడు. కారణం చెప్పే నివేదిక నెలల తరవాతగాని రాదు. కోళికోడు నివేదిక వెలువడటానికి 13 నెలలు పట్టింది. ఈ మధ్యలో గోరంత కొండంత అవుతుంది.

2025 జూన్ 12న అహమ్మదాబాదులో ఎయిర్ ఇండియా విమానం బయలుదేరిన కొద్ది క్షణాలకే కూలి 260 మంది చనిపోయారు. ఆ తరవాత చాలా రోజులపాటు, విమానాలు వెనక్కు రావటం, చుట్టి రావటం వంటి చిన్న సంఘటనలు కూడా పెద్ద అక్షరాల్లో వచ్చాయి. ఇల్లు కాలినవాడు మిణుగురు పురుగును చూసినా ఉలిక్కిపడతాడు. అది సహజమే. అయితే ఉలికిపాటు వేరు, విచారణ వేరు. ప్రతిదానికీ ఉలిక్కిపడేవాడు నిజంగా నిప్పు కనపడినప్పుడు గుర్తుపట్టలేడు.

అందుచేత మీకు ఈ నెల ఒక పని పెడుతున్నాను. విమానం గురించిన వార్త ఒకటి పత్రికలోనుంచి కత్తిరించి నోటుపుస్తకంలో అంటించండి. మూడు రంగుల పెన్సిళ్ళు తీసుకోండి. ఊరు, వేళ, ఎత్తు, సంఖ్య వంటి వాటికింద నీలం గీత గీయండి. "ఘోరం", "గుండెలు ఆగిపోయాయి", "తృటిలో" వంటి మాటలకింద ఎర్ర గీత గీయండి. ఎవరు చెప్పారో తెలిపే చోట పచ్చ గీత గీయండి. తరవాత ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి:

విమానం ఎందుకు చుట్టి వచ్చింది?
ఆ కారణం చెప్పినది ఎవరు? చూసినవారా, విన్నవారా, తెలిసినవారా?
ఎవరికైనా గాయమైందా? దేనికైనా నష్టం కలిగిందా?
ఆ విమానం చుట్టి రాకుండా అలాగే దిగి ఉంటే ఏమయ్యేది?

నాలుగో ప్రశ్నను ఏ పత్రికా అడగదు. అసలు ప్రశ్న అదే. దానికి జవాబు తోచిన క్షణాన ఎర్ర గీతలన్నీ వాటంతట అవే వెలిసిపోతాయి.

ఎప్పుడైనా మీరు విమానం ఎక్కి, అది దిగబోయి మళ్ళీ లేస్తే, పక్కన ఉన్నవాళ్ళు కంగారు పడితే, ఇంత మాత్రం చెప్పండి: "భయం లేదండీ. దిగటం సరిగా కుదరలేదని మానుకున్నారు. చుట్టి వచ్చి దిగుతాం." బెల్టు గట్టిగా బిగించుకుని, కిటికీలోనుంచి చూస్తూ కూర్చోండి. ఇంటికి పదిహేను ఇరవై నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే.